కుళ్ళు మాస్టారి మార్కులు

మాస్టారికి కుళ్ళు. చాలామందికి ఉంటుంది కానీ దాచుకుంటారు. ఈయన దాచుకునేవారు కాదు. తుమ్ము వచ్చినవాడు తుమ్మినట్టు, కుళ్ళు వచ్చినచోటే నిలబడి, పదిమందికీ వినబడేలా కుళ్ళుకునేవారు. ముప్ఫై ఆరేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి ఆ కుళ్ళుకి మార్కులు కూడా వేసేవారు.

"ఏమ్మా, ఆ సీసా మీద చీటీ రాసింది నువ్వేనా?" అని మందుల షాపు అమ్మాయిని అడిగేవారు.

"నేనే మాస్టారూ."

"అక్షరాలా అవి, ముత్యాలు పోసినట్టు! నేను రాస్తే కోడి గెలికినట్టుంటుంది. నూటికి అరవై రెండు కుళ్ళు వచ్చిందమ్మా నీ మీద. ఒక గ్లాసు చల్లటి నీళ్ళు ఇప్పించు, కడుపు మండిపోతోంది."

నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళేవారు. ఆ పూటంతా ఆ అమ్మాయి చీటీలు ఇంకా నెమ్మదిగా, ఇంకా గుండ్రంగా రాసేది. మందు కోసం నిలబడ్డవాళ్ళు మాత్రం విసుక్కునేవారు.

నూటికి నూరు మాత్రం ఆయన ఎవరికీ వెయ్యలేదు. ఎందుకని అడిగితే, "నూరు వస్తే అది కుళ్ళు కాదు నాయనా, ఆస్పత్రిలో చేరాల్సిన జబ్బు" అనేవారు.

ఈ మార్కులకి వీధిలో అందరికన్నా ఎక్కువ అలవాటు పడినవాడు సెట్లాయన. అంటే పళ్ళసెట్లు చేసే ఆయన. పళ్ళ డాక్టర్లు అచ్చులు తీసి పంపితే, ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని, మైనం కరిగించి, గులాబిరంగు ముద్ద కలిపి, చిగుళ్ళూ పళ్ళూ తయారుచేసి పంపేవాడు. మాస్టారి నోట్లో ఉన్నదీ అతని సెట్టే. ఆ పనిలో ఒక చిక్కుంది. ఎంత బాగా చేస్తే అంత కనబడదు. సొంత పళ్ళలా ఉంటేనే మంచి సెట్టు. సొంత పళ్ళలా ఉన్నదాన్ని చూసి ఎవరైనా ఎందుకు మెచ్చుకుంటారు?

సెట్లాయన చిన్నప్పుడు మాస్టారి దగ్గరే లెక్కలు చదివాడు. చదివాడనడం పెద్దమాట, ఆ గదిలో కూర్చున్నాడు. ఒకసారి నూటికి తొమ్మిది వచ్చాయి. ఆ కాగితం ఇవ్వడానికి వచ్చిన మాస్టారికి బెంచీ మీద ఒక సుద్దముక్క కనబడింది. బ్లేడుతో చెక్కి దాన్ని ఏనుగుని చేశాడు కుర్రాడు, కాలిగోళ్ళతో సహా. కాగితం సంగతి మరిచిపోయి మాస్టారు ఆ ఏనుగుని అరచేతిలో నిలబెట్టుకున్నారు.

"ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి నాకు. సుద్దముక్కని సమానంగా రెండు ముక్కలు చెయ్యడం ఇప్పటికీ రాదు. వీడికి ఏనుగొచ్చింది! ఎంత కుళ్ళుగా ఉందో తెలుసట్రా మీకు?"

తొమ్మిది మార్కులు తెచ్చుకుని తల ఎత్తుకుని ఇంటికెళ్ళిన పిల్లవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే.

అలాంటి సెట్లాయన నలభై ఎనిమిదో ఏట ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు.

స్పోర్ట్స్ కారంటే మీరు కంగారు పడకండి. ముప్ఫై ఏళ్ళ నాటిది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, ఒకప్పుడు ఎర్ర రంగు. ఇటుకల బట్టీ వెనక షెడ్డులో తొమ్మిదేళ్ళు పడుకుని ఉంటే, కొత్త స్కూటరు ధరకి వచ్చింది. 'ఇన్నాళ్ళూ ఇతరుల నోళ్ళలోకి వెళ్ళేవే చేశాను, ఒక్కటైనా వీధిలోకి వెళ్ళేది చేస్తాను' అన్నది అతని కోరిక. లారీ మీంచి దింపి, నలుగురు తోస్తే, అది ఇంటి పక్క రేకుల షెడ్డులోకి చేరింది. వచ్చిన దారిలో తుప్పు గీతలా రాలింది.

వీధంతా వచ్చి చూసింది.

"కొన్నావా, తీసుకుపొమ్మని వాళ్ళే ఎదురిచ్చారా?" అన్నాడు ఒకాయన.

"దీపాలు మసకబారాయి. నా షాపుకి తీసుకురా, అద్దాలు వేస్తా" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

సెట్లాయన ఇల్లాలు చేతిలో తడిబట్టల బకెట్టుతో వచ్చింది. వానాకాలంలో ఆమె బట్టలు ఆరేసుకునేది ఆ షెడ్డులోనే.

"రెండు సీట్లేనా? మరి పాపో?"

"పాప హాస్టల్లో ఉందిగా."

"సెలవులకొస్తే?"

"వస్తే నేనూ పాపా... అంటే నువ్వు..." అని అతను అక్కడితో ఆగిపోయాడు. ఆగడమే మంచిదయింది.

"సరే, వినండి" అంది ఆమె. "మొదటి చినుకు నా చేతి మీద పడేలోగా ఈ బండి తనంతట తాను వీధి చివరికి వెళ్ళి రావాలి. రాలేదా, పాతసామాన్లాయనని నేనే పిలుస్తాను. ఒప్పుకుంటారా?"

అందరి ముందూ అడిగితే ఒప్పుకోక ఏం చేస్తాడు? ఒప్పుకున్నాడు. కానీ ఆ నవ్వుల మధ్య అతని ప్రాణం ఉసూరుమంది. ఇదెందుకు తెచ్చానురా భగవంతుడా అనుకుంటూ ఉండగా మాస్టారు వచ్చారు.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ఊడిన అద్దాన్ని ముట్టుకున్నారు. తరవాత గేటు స్తంభం పట్టుకుని నిలబడిపోయారు.

"ఏమైంది బాబాయిగారూ?" అంది సెట్లాయన ఇల్లాలు భయపడి.

"ఎనభై ఎనిమిది" అన్నారు మాస్టారు, పళ్ళు నూరుతూ. "ఒక్కసారే ఎనభై ఎనిమిది! డెబ్భై ఏళ్ళొచ్చాయి, నాకు సైకిలు. వీడికి స్పోర్ట్స్ కారు! నీళ్ళమ్మా, నీళ్ళు!"

నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపి బండి వైపు మళ్ళీ చూశారు. ఇందులో మనకి తెలియనిదేదో ఉందేమోనన్నట్టు చూశారు. సెట్లాయన ఆ సాయంత్రమే ఉప్పుకాగితం పట్టుకున్నాడు.

మొదటి మూడు వారాలూ పని సాగలేదు. బండితోపాటే వచ్చిన పిల్లి ఒకటి ఎడమ సీటు కింద నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటిని కదపడానికి అతనికి మనసొప్పలేదు. ఇల్లాలు కూడా, "బాలింతని కదపకండి. ఈ మూడు వారాలూ నేను లెక్కలోంచి తీసేస్తాలెండి" అని, రోజూ ఒక గిన్నెడు పాలు పెట్టేది. మొదటి చినుకుకీ మూడు వారాలకీ లెక్క ఎలా కుదురుతుందో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. మాస్టారు మాత్రం రోజూ వచ్చి, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, పిల్లి మీద కుళ్ళుకునేవారు.

"కాలు మీద కాలేసుకుని పడుకుందిరా, చూడు! దాని దర్జా! డెబ్భై మూడు."

పిల్లి పిల్లల్తో సహా వంటింట్లోకి కాపురం మార్చాక పని ఊపందుకుంది. సెట్లాయన తన పళ్ళ సామానుతోనే బండిని బాగుచేశాడు. పళ్ళకి మెరుగుపెట్టే చక్రంతో కిటికీ అంచుల ఇత్తడికి మెరుగుపెట్టాడు. పంటి సందులు గీకే సన్నటి మరతో తలుపు బందుల్లో తుప్పు గీకాడు. మామూలు మెకానిక్కు పూటలో చేసే పని అతనికి వారం పట్టేది, కానీ ఆ బందులు పాలపళ్ళలా మెరిసేవి.

గేరు కర్ర మీద గుండ్రటి పిడి ఊడిపోయి ఉంది. కొత్తది దొరకలేదు. అదెంత పని అనుకుని మైనంతో అచ్చు చేసి, తన దగ్గరున్న ముద్దతోనే పోశాడు. ఆరాక చూస్తే గట్టిగా, నున్నగా, బ్రహ్మాండంగా ఉంది. రంగు ఒక్కటే చిగుళ్ళ రంగు. అతని దగ్గరున్నది ఆ రంగొక్కటే మరి. ఆ ఊపులో కిటికీలు తిప్పే పిడులూ, దీపాల మీటా కూడా పోసేశాడు. ఎర్రబండి లోపల అక్కడక్కడా చిగుళ్ళు మొలిచాయి.

మాస్టారు గేరు పిడి పట్టుకుని, వదల్లేదు.

"నీ బండికి చిగుళ్ళు కూడా వచ్చాయా! దేవుడిచ్చిన పళ్ళే నాకు లేకపోయె. ఎనభై తొమ్మిది."

పైకప్పు గొడుగులు బాగుచేసే ఆయన కుట్టాడు. అందుకే అది మూసినప్పుడల్లా గొడుగులాగే టప్పుమనేది. సీట్లకి గుడ్డలు సెట్లాయన ఇల్లాలు కుట్టింది. మిషను తొక్కుతున్నంతసేపూ తిట్టింది, కుట్టు మాత్రం రెండు వరసలు వేసింది. రంగు వేసిన రోజు మాస్టారు తొంభై నాలుగు వేశారు. వేస్తూ వేస్తూ ఎందుకో ముఖమంతా నవ్వు చేసుకుని, వెంటనే దగ్గొచ్చినట్టు తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. సెట్లాయన అది పట్టించుకోలేదు. తొంభై నాలుగు! ఆ మాట వీధంతా చెప్పుకుని తిరిగాడు.

అక్కడే కళ్ళజోళ్ళాయనకి మండింది. పది రోజులు తిరక్కుండా షాపులో నిలువెత్తు గాజుతొట్టి పెట్టి, చారల చేపల్ని తెచ్చి వదిలాడు. మాస్టారు ఆ దారినే పోతూ ఆగి, ముక్కు గాజుకి ఆనించి, తొంభై ఐదు అనేశారు.

ఆ రాత్రి సెట్లాయన అన్నం సరిగ్గా తినలేదు.

"ఏమైందండీ?" అంది ఇల్లాలు.

"చేపలకి తొంభై ఐదట. అవి ఈదడం తప్ప ఏం చేశాయి? నేను ఆరు నెలల్నించీ ఒళ్ళు హూనం చేసుకుంటున్నాను."

"కుళ్ళా?"

"కుళ్ళు కాదు, న్యాయం" అని అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాటి నుంచి పని రెట్టింపు చేశాడు. కానీ బండి అన్నీ అయ్యాక అసలుదానికి మొండికేసింది. తాళం తిప్పితే ఇంజను మూలిగేది, ఊరుకునేది. మెకానిక్కు వరసగా మూడు ఆదివారాలు వచ్చి విప్పి, బిగించి, చెమట తుడుచుకున్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి సార్. పెట్రోలు వస్తోంది, గాలి వస్తోంది. నిప్పురవ్వే ఎక్కడో దారి తప్పుతోంది. ఎక్కడన్నదే అందట్లేదు."

ఈలోగా ఆకాశం నల్లబడసాగింది. మొదట సాయంత్రాలు, తరవాత మధ్యాహ్నాలు. ఇల్లాలు బట్టలు ఆరేస్తూ ఒకసారి పైకి, ఒకసారి షెడ్డు వైపు చూసేది.

సరిగ్గా అప్పుడే మాస్టారు రావడం మానేశారు. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. బకెట్టు ఖాళీగా ఉంది. సెట్లాయన పానా పట్టుకుంటాడు, కిందపెడతాడు. చూసి కుళ్ళుకునేవాళ్ళు లేకపోతే చెయ్యి ఆడటం లేదని అప్పుడు తెలిసింది అతనికి. తెల్లారితే పాతసామాన్లాయనకి తనే కబురు చేద్దామన్నంత నీరసం వచ్చింది. వెంటనే ఇంకో అనుమానమూ వచ్చింది: ఆ చేపల దగ్గర కూర్చుంటున్నారేమో! ఉండబట్టలేక కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు.

కళ్ళజోళ్ళాయన అతన్ని చూడగానే లేచాడు. "ఏమయ్యా, మాస్టార్ని పొద్దస్తమానం నీ షెడ్డులోనే కట్టేసుకున్నావా? నా చేపల్ని చూసి ఏడ్చినవాడు లేడు నాలుగు రోజుల్నించీ!"

"నా షెడ్డులోనా? నీ దగ్గర లేరూ?"

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఒంట్లో బాగుందో లేదో, వెళ్ళి చూడు" అన్నాడు కళ్ళజోళ్ళాయన, గొంతు తగ్గించి. "వెళ్తూ ఆయన కళ్ళజోడు కూడా ఇచ్చెయ్యి. మరలు బిగించాను. ఊరికేలే."

మాస్టారి ఇల్లు వీధి మలుపులో రెండు గదుల ఇల్లు. సెట్లాయన గేటు తీసేసరికి కిటికీలోంచి మాటలు వినబడ్డాయి. తలుపు తట్టబోయి ఆగాడు. లోపల మాస్టారు నోట్లో పళ్ళు లేకుండా, చెంపలు లోపలికి పోయి, కుర్చీలో కూర్చున్నారు. ఆయన భార్య ఎదురుగా చేతద్దం పట్టుకుని నిలబడింది.

"ఎలా ఉంది?" అన్నారు మాస్టారు ముఖం చిట్లించి.

"జాలిగా ఉంది. కుళ్ళు కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు అజీర్తిలా ఉంది. కళ్ళు ఇంకొంచెం చిన్నవి చెయ్యండి. పెదవి ఒక పక్కకి లాగండి. ఊఁహూఁ. పళ్ళు లేకుండా మీ వల్ల కాదు. పళ్ళున్న రోజే, ఆ బండికి రంగేశారని నవ్వేసి వచ్చారు. ఎప్పుడో పట్టుబడిపోతారు చూడండి."

"ఏం చెయ్యనే! అంత బాగుంటే నవ్వు ఆగలేదు."

"విరిగిన సెట్టు ఒక్కసారి అతనికి చూపిస్తే గంటలో అతికిస్తాడు కదా!"

"చూపిస్తే వాడు బండి వదిలేసి నా నోటి దగ్గర కూర్చుంటాడు. పైన మబ్బు చూశావా? వాడికున్నది ఇక రోజో, రెండో. నాకేం, పాలల్లో రొట్టె నానేసుకు తింటున్నాగా."

"అయితే పళ్ళు లేకుండానే వెళ్ళి, బాగుందిరా నాయనా అని మెచ్చుకుని రండి. మెచ్చుకోవడానికి పళ్ళక్కర్లేదు."

"మెచ్చుకుంటే నమ్మరే" అన్నారు మాస్టారు. "బళ్ళో మొదట్లో మెచ్చుకునే చూశాను. 'మాస్టారు మంచివాడు, అందుకని అన్నాడులే' అనుకునేవాళ్ళు. అదే కుళ్ళుకున్నామనుకో, టక్కున నమ్మేస్తారు. ఏదీ, అద్దం ఇంకొంచెం పైకెత్తు."

కిటికీ బయట సెట్లాయన అరచేతిలోకి ఎక్కడినించో ఆనాటి సుద్ద ఏనుగు వచ్చి నిలబడినట్టయింది. అతను చప్పుడు కాకుండా గేటుదాకా వెనక్కి వెళ్ళి, గేటుని ధడాలున వేసి, గట్టిగా దగ్గుతూ వచ్చాడు. అద్దం దాచుకునేంత వ్యవధి ఇచ్చి అప్పుడు తలుపు తట్టాడు.

"ఏం మాస్టారూ, సెట్టు ఏడాదికోసారి చూపించాలని చెప్పలేదూ? ఇలా తెండి. అందరివీ చూస్తున్నాను ఇవాళ."

"అందరివీనా?" అన్నారు మాస్టారు తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"అందరివీ. ఈ వీధిలో మీదొక్కటే మిగిలింది."

కళ్ళజోడు ఇచ్చేసి, కాగితంలో చుట్టిన రెండు ముక్కలూ తీసుకుని ఇంటికి పరిగెత్తాడు. బల్ల ముందు దీపం వేసి, ముక్కలు కలిపి, ముద్ద పోసి, ఆరబెట్టి, మెరుగుపెట్టాడు. పని అయ్యాక ఎప్పటిలాగే సెట్టుని రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి కొద్దిగా వంచి చూశాడు. వెంట్రుకలో సగం మందాన పగులుంటే మామూలుగా చూస్తే కనబడదు. వంచితేనే నోరు తెరుస్తుంది. అది ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే.

వంచిన సెట్టు అలాగే పట్టుకుని అతను ఉన్నపళంగా షెడ్డు వైపు తిరిగాడు.

ఇంజనులో నాలుగు వైపులకీ నిప్పురవ్వ పంచే నల్లటి మూత ఒకటి ఉంటుంది, అరచేతిలో పట్టేంత. మెకానిక్కు దాన్ని మూడుసార్లు చూసి బాగుందన్నాడు. చూశాడు, వంచలేదు. సెట్లాయన దాన్ని ఊడదీసి దీపం కిందికి తెచ్చి, బొటనవేళ్ళతో మెల్లిగా నొక్కాడు. పక్కన సన్నటి గీత నోరు తెరిచింది. రవ్వ దారి తప్పుతున్నది అక్కడే! కొత్త మూత ఎక్కడా దొరకదు, అలాంటి బళ్ళు చెయ్యడమే ఎప్పుడో మానేశారు. అతను సన్నటి మరతో ఆ గీతని శుభ్రంగా గీకి, చిగుళ్ళ ముద్దతో పూడ్చాడు. పన్ను పూడ్చినంత శ్రద్ధగా పూడ్చాడు.

సాయంత్రం నాలుగింటికి పళ్ళు తీసుకుపోవడానికి మాస్టారు వచ్చారు. ఆయన వెనకే మందుల షాపు అమ్మాయి, షాపు మూసేసి మరీ కళ్ళజోళ్ళాయన. మబ్బు వీధి మీదికి వంగింది.

"ముందు ఇవి పెట్టుకోండి మాస్టారూ" అని గ్లాసులోంచి సెట్టు తీసి ఇచ్చాడు సెట్లాయన. ఆయన పెట్టుకుని, రెండుసార్లు కొరికి చూసుకుని, కళ్ళు చిన్నవి చేసి సిద్ధంగా నిలబడ్డారు.

తాళం తిప్పాడు. మూలిగింది. మళ్ళీ తిప్పాడు. మూలిగింది. అంతలో దండెం దగ్గర నిలబడ్డ ఇల్లాలు తన చేతి మీదికి చూసుకుంది. ఏమీ అనకుండా ఆ చెయ్యి నడుముకి తుడిచేసుకుంది.

"చినుకు పడిందా?" అన్నాడతను బండిలోంచి.

"ఎక్కడా? నాకేం తగల్లేదు. కానివ్వండి" అంది ఆమె. పక్కనే ఉన్న మందుల షాపు అమ్మాయి తల మీద రెండో చినుకు పడింది. ఆ పిల్లా పైకి చూసి, కిందికి చూసి, "నాకూ తగల్లేదు" అంది.

మూడోసారి తిప్పాడు. బండి ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, షెడ్డు రేకులన్నీ వణికేలా గర్జించింది. వంటింట్లోంచి పిల్లి ఎగిరి కిటికీ మీద పడింది. కళ్ళజోళ్ళాయన, తనే ఇంజను బిగించినవాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఎక్కండి మాస్టారూ."

"నేనా? నీ ఇల్లాలు ఉండగా నేనేమిట్రా?"

"ముందు మీరే ఎక్కండి బాబాయిగారూ" అంది ఆమె, బట్టలు తీస్తూ. "తిరిగొచ్చాక ఆ సీటు నాది. పాప వచ్చినా నాదే."

పైకప్పు టప్పుమని మూసుకుంది. బండి వానలో వీధి చివరిదాకా వెళ్ళింది. వెళ్తున్నంతసేపూ మాస్టారు పిడి తిప్పి కిటికీ ఎత్తుతూ, దింపుతూ, పాపం ముఖాన్ని అదుపులో పెట్టుకోవడానికి నానా అవస్థా పడ్డారు. చివర్న మలుపు దగ్గర ఆగాక, ఎలాగో పళ్ళు నూరి అన్నారు:

"తొంభై తొమ్మిది."

"ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది మాస్టారూ?"

"గేరు పిడి. నువ్వు దాన్ని పట్టుకున్నప్పుడల్లా నా చిగురు నొక్కినట్టుంది."

సెట్లాయన ఇంజను ఆపలేదు. వాన గుడ్డ మీద టపటప కొడుతోంది.

"నాక్కూడా ఒకళ్ళ మీద కుళ్ళుగా ఉంది మాస్టారూ."

"మళ్ళీ ఆ చేపలేనా?"

"కాదు, మీ మీద. నాకు పళ్ళు చెయ్యడం వచ్చు, ఇవాళ్టితో బండి చెయ్యడమూ వచ్చు. తొమ్మిది మార్కులవాణ్ణి తల ఎత్తుకుని ఇంటికి పంపించడం మాత్రం రాదు. నూటికి నూరు. అర్జెంటుగా చల్లటి నీళ్ళు కావాలి."

అని, కిటికీ బయట విన్నదంతా గుర్తు తెచ్చుకుని, కళ్ళు చిట్లించి, పెదవి ఒక పక్కకి లాగి చూపించాడు.

మాస్టారు అతని ముఖం వైపు చాలాసేపు చూశారు. తరవాత చెయ్యి చాచి, బండి ముందున్న చిన్న అద్దాన్ని మెల్లిగా అతని వైపు తిప్పారు.

"అజీర్తిలా ఉందిరా" అన్నారు. "కళ్ళు ఇంకొంచెం చిన్నవి చెయ్యి."